గుండెకాయలో నాలుగు గదులు



ఆదివారం పూట మటన్ దుకాణంలో కూరతో పాటు కార్జం, గుండెకాయ అడిగి వేయించుకునే ఇళ్లు మన మహబూబ్‌నగర్‌లో తక్కువేమీ కావు. ఈసారి వెళ్లినప్పుడు దుకాణం ఆయనతో, "అన్నా, గుండెకాయ ముక్కలు కొట్టకు, అట్లనే ఇయ్యి" అని చెప్పి తెచ్చుకోండి. వండే ముందు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని కత్తిపీట మీద నిలువుగా రెండు చెక్కలు చేసి చూపించండి. సైన్సు పుస్తకంలో ఎర్ర రంగు, నీలం రంగు వేసి గీసిన బొమ్మ చూస్తే బోధపడనిది, ఆ రెండు చెక్కలు చూస్తే ఇట్టే బోధపడుతుంది. శాకాహారం తినే అక్కలు ముక్కు మూసుకోనక్కర లేదు, నేను చెబుతుంటే ఊహించుకుంటే చాలు. గొర్రె గుండెకూ మన గుండెకూ కట్టుబడిలో తేడా చాలా కొద్ది.

ఏం కనిపిస్తుంది? లోపల నాలుగు గదులు కనిపిస్తాయి. పైన రెండు చిన్నవి, గోడలు పల్చన. వీటిని కర్ణికలంటారు. కింద రెండు పెద్దవి, జఠరికలు. కుడి, ఎడమల మధ్య నిలువునా ఒక గట్టి గోడ ఉంటుంది. ఆ గోడకు కిటికీ గాని తలుపు గాని లేదు. పై గదికీ కింది గదికీ మధ్య మాత్రం తలుపుంది. తలుపంటే చెక్క తలుపు కాదు, ఉల్లిపొరలాంటి తెల్లటి రేకులు. ఆ రేకుల అంచులకు సన్నటి తెల్లని దారాలుంటాయి. వేలితో లాగి చూడండి, అంత తేలికగా తెగవు. గాలివానకు గొడుగు వెనక్కి తిరగబడకుండా ఊచలు పట్టుకున్నట్టు, ఈ దారాలు ఆ రేకులు పైకి తిరగబడకుండా పట్టుకుంటాయి.

ఇంకొక్క సంగతి గమనించండి. కింది రెండు గదుల్లో ఎడమ దాని గోడ, కుడి దాని గోడకంటె దాదాపు మూడింతలు మందం. ఎందుకట్లా? కుడి గది తన రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా పంపితే చాలు. ఎడమ గది నెత్తి మొదలు కాలి బొటనవేలి దాకా పంపాలి. పక్కింటికి కూర గిన్నె ఇచ్చి వచ్చే మనిషికీ, సంచీ మోసుకుని రైలెక్కి కాచిగూడ పోయి వచ్చే మనిషికీ బలంలో తేడా ఉండొద్దా మరి!

అంటే గుండె ఒకటే అయినా, అందులో ఉన్నవి రెండు మోటర్లన్నమాట. ఒంట్లో అంతటా తిరిగి, ప్రాణవాయువు ఇచ్చేసి, బొగ్గుపులుసు గాలిని నింపుకున్న ముదురు రంగు రక్తం కుడి పై గదిలోకి వస్తుంది. అక్కడినుంచి కుడి కింది గదిలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువు అక్కడ రక్తంలోకి ఎక్కుతుంది, చెడు గాలి దిగిపోతుంది. కాంతివంతంగా ఎర్రబడిన ఆ రక్తం ఎడమ పై గదికి, ఎడమ కింది గదికి, ఆ తర్వాత పెద్ద గొట్టమైన బృహద్ధమని గుండా ఒళ్లంతటికీ. మళ్లీ కుడి వైపుకు. ఊరికే కూర్చున్న మనిషిలో ఈ చుట్టు మొత్తం తిరగడానికి ఒక నిమిషం సరిపోతుంది.

తలుపుల పని ఏమిటో ఇంట్లో మోటరున్న వాళ్లకు ఎక్కువ చెప్పనక్కర లేదు. సంపు మీద మోటరు పెట్టినప్పుడు అడుగున ఫుట్‌వాల్వు అని ఒకటి వేస్తారు కదా. నీళ్లు పైకి పోవాలి గాని కిందికి జారకూడదు, అదీ దాని పని. అది పాడైతే మోటరు మోగుతూనే ఉంటుంది, పై ట్యాంకీలోకి చుక్క ఎక్కదు. గుండెకు అట్లాంటి వాల్వులు నాలుగున్నాయి. తెలుగు పుస్తకాల్లో కవాటాలంటారు. డాక్టరు గొట్టం పెట్టి వినే "లబ్-డబ్" చప్పుడు ఈ కవాటాలు మూసుకునే చప్పుడే. మొదటిది పై గదులకూ కింది గదులకూ నడుమనున్న తలుపులు మూతపడటం, రెండోది బయటి గొట్టాల దగ్గరి తలుపులు మూతపడటం. తలుపు సరిగా పడకపోతే మధ్యలో "స్స్" మని ఒక రొద వినబడుతుంది. డాక్టర్లు దాన్నే మర్మర్ అంటారు. పిల్లల్లో ఏ జబ్బూ లేకపోయినా ఆ రొద ఒక్కోసారి వినిపిస్తుంది గనుక, ఆ మాట వినగానే బెంబేలు పడకండి. ఎకో పరీక్ష చేస్తే అసలు సంగతి తేలుతుంది.

ఇక గొట్టాల సంగతి. తెచ్చుకున్న గుండెకాయ నెత్తిన తెల్లటి గొట్టం ముక్క ఒకటి మిగిలి ఉంటుంది. నొక్కి వదిలితే రబ్బరులా మళ్లీ గుండ్రంగా లేస్తుంది. అది ధమని, గుండె నుంచి బయటికి తీసుకుపోయేది. పక్కన మెత్తగా అతుక్కుపోయి ఉండేవి సిరలు, గుండెకు తిరిగి తెచ్చేవి. గుండె కొట్టినప్పుడల్లా ధమని ఉబ్బి తగ్గుతుంది. మణికట్టు మీద బొటనవేలి వైపు మనకు తెలిసే నాడి అదే. బీపీ చూసి నూట ఇరవై, ఎనభై అని రాస్తారే, పై అంకె గుండె ముడుచుకున్నప్పుడు ధమనిలో ఉండే ఒత్తిడి, కింది అంకె గుండె వదులైనప్పటిది. మామిడికాయ తొక్కు, అప్పడాలు, మిరపకాయ బజ్జీలు, వీటన్నిటిలోని ఉప్పూ పై అంకెను పెంచే సరుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉప్పు చాలంటుంది. అంటే ఒక చిన్న చెంచాడు. మన ఇళ్లల్లో ఒక్క పూట పచ్చడికే అంత పోతుంది!

మనవాళ్లు సిరను "నరం" అనేస్తారు. సెలైన్ ఎక్కించేటప్పుడు "నరం దొరకడం లేదు" అంటారే, ఆ దొరకనిది నరం కాదు, సిర. నరాలు మెదడు కబుర్లు మోసే తీగలు, వాటిలో రక్తం పారదు. చేతి మీద నీలంగా కనిపించేవి సిరలే. అందులోని రక్తం నీలం కాదు, ముదురెరుపే. చర్మం కిందినుంచి చూసేసరికి మన కంటికి అట్లా తోస్తుంది.

ధమనికీ సిరకూ మధ్య, వెంట్రుకకంటె సన్నని రక్తకేశనాళికలుంటాయి. రక్తకణాలు వాటిలో ఒకదాని వెనుక ఒకటి, ఇరుకు సందులో ఆడవాళ్లు బిందెలతో వరుసగా పోయినట్టు పోతాయి. రక్తం చేసే అసలు పని జరిగేది ఆ సందుల్లోనే. ప్రాణవాయువూ, తిన్న తిండిలోని సారమూ కండకు చేరేదీ, కండలోని చెత్త రక్తంలోకి వచ్చేదీ అక్కడే. ఒంట్లో రక్తం తక్కువైన ఆడవాళ్లకు మెట్లెక్కితే గుండె దడదడలాడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ప్రతి కణమూ మోసే గంప సగమే నిండితే, చేరవలసిన సరుకు చేరడానికి గుండె ఎక్కువసార్లు తిప్పాల్సి వస్తుంది.

పాదాల దాకా దిగిన రక్తం మళ్లీ పైకి ఎట్లా ఎక్కుతుంది? గుండె తోపు అక్కడికి వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతుంది. కాలి సిరల్లో మెట్టు మెట్టుకూ చిన్న చిన్న కవాటాలుంటాయి. మనం నడిచినప్పుడు పిక్క కండ బిగుసుకుని సిరను పిండుతుంది, రక్తం ఒక మెట్టు పైకెక్కుతుంది, కవాటం మూసుకుంటుంది. పిక్కను రెండో గుండె అనడం ఊరికే పుట్టిన మాట కాదు. పొయ్యి ముందు కదలకుండా గంటల తరబడి నిలబడితే ఈ పిండటం జరగదు. రక్తం కాళ్లలోనే నిలిచి, ఏళ్లు గడిచేకొద్దీ కవాటాలు వదులై, పిక్కల మీద వంకర టింకరగా తాళ్లలా ఉబ్బుతాయి. అన్నం ఉడికే లోపల మడమలు ఎత్తి దించుతూ ఉండండి, ముంతాడు నీళ్లు తేవడానికైనా నాలుగడుగులు వేయండి. కూర తరిగే పని కూర్చుని చేసుకోండి.

రక్తం ఇట్లా చుట్టూ తిరుగుతుందన్న సంగతి మనిషికి చాలా కాలం తెలియదు. రక్తం కార్జంలో పుడుతుందనీ, ఒళ్లంతా పారి అక్కడే ఇంకిపోతుందనీ ఐరోపాలో వైద్యులు వెయ్యేళ్లకు పైగా నమ్మారు. పొలానికి పారించిన నీళ్లు ఇంకినట్టు. కుడి గది రక్తం నడిమి గోడ దాటి రాదనీ, ఊపిరితిత్తుల గుండానే ఎడమకు చేరుతుందనీ 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు రాశాడు గాని, ఆ మాట ఐరోపా పండితుల దాకా చాలా ఆలస్యంగా పోయింది. 1628లో విలియం హార్వీ అనే ఇంగ్లండు డాక్టరు ఒక పుస్తకం వేశాడు. ఆయన వేసింది పాలవాడి లెక్కలాంటి సులువైన లెక్క. గుండె ఒకసారి కొడితే ఇంత రక్తం బయటికి పోతుంది, అరగంటకు వెయ్యికి పైగా కొడుతుంది. గుణిస్తే వచ్చేది ఒంట్లో ఉన్న మొత్తం రక్తానికి మించిపోతుంది. గొర్రె ఒంట్లో నాలుగు పౌండ్లకు మించి రక్తం ఉండదని తాను స్వయంగా చూశానని రాశాడు. అరగంటకు అంత కొత్త రక్తం పుట్టేటంత తిండి ఏ గొర్రె తింటుంది? కనుక ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తోందని తేల్చాడు. ధమనుల చివరనుంచి సిరల్లోకి ఏ దారిన పోతుందో మాత్రం ఆయన కంటికి చిక్కలేదు. 1657లో ఆయన పోయాక నాలుగేళ్లకు, 1661లో, ఇటలీలో మాల్పీగీ అనే ఆయన కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ సన్నని సందులను చూశాడు.

హార్వీ లెక్క మనకూ కట్టుకుందాం. పెద్దవాళ్లలో గుండె ఒక దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు పంపుతుంది. నిమిషానికి 72 దెబ్బలు. అంటే నిమిషానికి 5 లీటర్లు, రోజుకు 7,200 లీటర్లు. ఎండాకాలం మన వీధిలోకొచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరు చూశారు కదా, అట్లాంటివి దాదాపు ఒకటిన్నర! పిడికెడు కండ ఒక్క రోజులో చేసే పని అది.

జంతువులన్నిటికీ ఈ నాలుగు గదుల ఏర్పాటు లేదు. బొద్దింకను చెప్పుతో కొడితే తెల్లటి ద్రవం వస్తుందే గాని ఎర్ర రక్తం రాదు. దాని ఒంట్లో గొట్టాల వ్యవస్థ అంతంత మాత్రమే. వీపు వెంట ఒక పొడుగాటి గొట్టపు గుండె, అది ద్రవాన్ని తోస్తే లోపలి భాగాలన్నీ ఆ ద్రవంలో మునిగే ఉంటాయి. ప్రాణవాయువు వేరే గాలి గొట్టాల్లో వెళుతుంది గనుక దాని రక్తానికి ఎర్ర సరుకు అవసరం లేదు. దోమను చరిస్తే ఎర్రగా అంటుతుందే అంటారా? అది మన రక్తమే!

జూరాల నుంచో కోయిల్‌సాగర్ నుంచో వచ్చే రవ్వ, బొచ్చె చేపలకు గుండెలో గదులు రెండే. ఒక్క మోటరు. గుండె తోసిన రక్తం ముందు మొప్పలకు పోయి, ప్రాణవాయువు ఎక్కించుకుని, అటునుంచి అటే ఒంట్లోకి పోతుంది. మొప్పల్లోని సన్న సందులు దాటేసరికి తోపు తగ్గిపోయి నెమ్మదిస్తుంది. మన కల్వకుర్తి ఎత్తిపోతల పథకాన్ని గుర్తు తెచ్చుకోండి. కొల్లాపురం వైపు ఎల్లూరు దగ్గర శ్రీశైలం నీటిని ఒకసారి ఎత్తితే సరిపోలేదు. జొన్నలబొగుడ దగ్గర ఒకసారి, గుడిపల్లి దగ్గర ఇంకొకసారి ఎత్తవలసి వచ్చింది. మెట్టనేలకు నీరెక్కాలంటే మధ్యలో మళ్లీ మోటరుండాలి. కోడికీ, గొర్రెకూ, మనకూ రక్తం ఊపిరితిత్తుల్లో నెమ్మదించాక మళ్లీ గుండెకు వచ్చి రెండో మోటరు ఎక్కుతుంది. ఒంట్లో వేడి నిలుపుకుంటూ ఎగరాలన్నా, పరుగెత్తాలన్నా ఆ బలం కావాలి. కప్పకూ బల్లికీ మూడు గదులు, వాటిలో మంచి రక్తమూ చెడు రక్తమూ కొంతవరకు కలుస్తాయి. బల్లి జాతిలో లెక్కేసే మొసలికి మాత్రం నాలుగు.

మరి చెట్టుకు? మన పిల్లలమర్రికి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక, చెదలు చంపే మందును 2018లో సెలైన్ సీసాలతో చుక్క చుక్కగా ఎక్కించారు. పేపర్లలో ఆ ఫొటోలు చూసి అందరం ముక్కున వేలేసుకున్నాం. చెట్టుకు గుండె లేదు, ఆకులనుంచి నీరు ఆవిరవుతుంటే కిందినుంచి నీరు పైకి లాగబడుతుంది. గుండె లేకుండా ఏడు వందల ఏళ్లు బతికిన ఆ మర్రిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గుండె నడిమి గోడకు కిటికీ లేదన్నాను. కడుపులో ఉన్న బిడ్డకు మాత్రం ఉంటుంది, పై గదుల మధ్య. కడుపులో బిడ్డ గాలి పీల్చదు, తల్లి రక్తంలోని ప్రాణవాయువే బొడ్డుతాడు గుండా వస్తుంది. పనిలేని ఊపిరితిత్తులకు రక్తమంతా పోవడం దండగ కనుక, చాలా భాగం ఆ కిటికీలోంచి ఎడమకు దాటిపోతుంది. పుట్టి, కెవ్వుమని ఏడ్చి, ఊపిరి తీసుకోగానే ఎడమ వైపు ఒత్తిడి పెరిగి కిటికీ రెక్క మూతపడుతుంది. ఆ తొలి ఏడుపు కోసం మంత్రసానులు అంతగా ఎదురు చూసేవారు, ఎందుకు చూడరు!

కొందరు బిడ్డల్లో గోడలోనే రంధ్రం మిగిలిపోతుంది. ఎడమ మోటరుకు బలం ఎక్కువ గనుక రక్తం రంధ్రం గుండా కుడికి దూకి, ఊపిరితిత్తుల మీద అదనంగా పడుతుంది. అట్లాంటి బిడ్డ నల్లబడదు, నీలంగా మారదు. అందుకే ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు. పాలు తాగుతూ రెండు గుక్కలకోసారి ఆగి రొప్పుతుంది, నుదుట చెమట పోస్తుంది, బరువు పెరగదు, మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. "దిష్టి తగిలింది, తాయెత్తు కట్టించండి" అంటారు పెద్దవాళ్లు. తాయెత్తు కడితే కట్టండి, ఎవరి నమ్మకం వారిది. కట్టి, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి. పెదవులూ గోళ్లూ నీలంగా మారే పిల్లలు వేరే రకం, వాళ్లలో చెడు రక్తమే ఒళ్లంతా పోతుంది. వాళ్ల విషయంలో ఒక్క పూట కూడా ఆగకూడదు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే పూడుకుంటాయి. కొన్నిటిని ఛాతీ కోయకుండానే, తొడ దగ్గరి సిర గుండా సన్నటి గొట్టం పంపి బిళ్ళతో మూసేస్తున్నారు.

ఖర్చు మాటకు వస్తే, మన జిల్లా పేరు ఒక చోట ముందు వరుసలో ఉంది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు రాష్ట్రం మొత్తంలో మూడు జిల్లాల్లోనే మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. బిడ్డ గుండె ఆపరేషను కోసం పొలం అమ్ముకోవలసిన ఇళ్లకు అదెంత ఊరటో వేరే చెప్పాలా? మన తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి బిడ్డ పాలు తాగలేక రొప్పుతోందని చెబితే ఈ మాట చెవిన వేయండి. అంగన్‌వాడీలకూ బడులకూ పిల్లలను పరీక్షించడానికి ఆరోగ్య బృందాలు వస్తుంటాయి, ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకోవద్దనండి.

ఇంకొక జబ్బు గురించి చెప్పి ముగిస్తాను. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, ఆపగలిగేది. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఒక రకం క్రిమితో గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకుంటాం. రెండు మూడు వారాలకు మోకాలు వాస్తుంది, అది తగ్గి మోచేయి వాస్తుంది, తర్వాత మడమ. ఎదిగే పిల్లలకు కాళ్లు నొప్పులు మామూలేనంటాం. క్రిమి మీదికి లేచిన ఒంటి రక్షణ బలం, పొరపాటున సొంత కీళ్ల మీదా గుండె కవాటాల మీదా పడటం వల్ల వచ్చే జబ్బు ఇది. దీనికి రుమాటిక్ జ్వరమని పేరు. కీళ్లు బాగవుతాయి. కవాటాలు మాత్రం మందమై, అతుక్కుని, తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆడపిల్లకు పదేళ్లప్పుడు జరిగిన ఈ నష్టం చాలాసార్లు ఆమె గర్భవతి అయ్యాకే బయటపడుతుంది. ఆ నెలల్లో ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, ఇరుకైన తలుపు అంత రక్తాన్ని వదలలేదు. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే నయం. "కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం ఉండదా" అని అత్తగారు సర్ది చెబుతారు. పడుకోనివ్వని ఆయాసం మామూలు ఆయాసం కాదు.

గొంతు నొప్పికి డాక్టరు యాంటిబయాటిక్ రాస్తే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి, ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వేయించండి. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించాలి. సూది నొప్పి నిజమే, పిల్లలు ఏడుస్తారు. పండుగ వచ్చిందనో, పెళ్లికి ఊరెళ్లామనో ఒక్క సూది తప్పినా మళ్లీ జ్వరం రావచ్చు, మళ్లీ కవాటం దెబ్బతినవచ్చు. గోడ మీది క్యాలెండరులో పాలలెక్క రాసుకునే చోటే ప్రతి ఇరవై ఒకటో రోజుకూ ఎర్ర సిరాతో సున్న చుట్టి పెట్టుకోండి. ఏ తేదీన సూది వేశారో ఆసుపత్రి చీటీ మీద రాయించుకుని దాచండి. ఆ అమ్మాయికి రేపు పెళ్లయి కాన్పుకు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు మొదట చూపించవలసింది ఆ చీటీయే.